కుట్లు వేసిన తర్వాతి ఆరు వారాలు

ఆదివారం తెల్లవారుజామున అరసవల్లి సూర్యదేవుడి గుడి ముందు నిలబడితే, వచ్చేవాళ్లలో చాలామంది ఒంటి బాధ చెప్పుకోవడానికే వచ్చారని తెలుస్తుంది. చర్మం మీద మచ్చలని ఒకరు, కళ్లు మసకబారాయని ఒకరు, ఆపరేషన్ అయిన బిడ్డ లేచి తిరగాలని మరొకరు. ఆరోగ్యం ఇచ్చేవాడు సూర్యుడని మన నమ్మకం. ఏటా మార్చిలో ఒకసారి, అక్టోబరులో ఒకసారి లేత కిరణాలు లోపలిదాకా వెళ్లి స్వామి పాదాలను తాకే ఆ కాసిన్ని నిమిషాల కోసం జనం బారులు తీరుతారు. అక్కడికి పది పన్నెండు కిలోమీటర్ల దూరంలోనే శ్రీకూర్మం. విష్ణువు తాబేలు రూపంలో పూజలందుకునే ఊరు. గుడి ఆవరణలో నక్షత్ర తాబేళ్లను పెంచుతారు. భక్తులు వాటికి ఆకుకూరలు తెచ్చి పెడతారు.

సూర్యుడు ఆరోగ్యం ఇస్తాడన్నది మనుషులకు నమ్మకం. బల్లికి, తొండకి, ఉడుముకి, పాముకి, తాబేలుకి మాత్రం అది శరీరధర్మం. వాటి ఒంట్లో మనకున్నట్టు లోపలి పొయ్యి లేదు. వేడి బయటినుంచి రావాలి. ఎండ కాచుకుంటేనే వాటి రక్తం చురుకందుకుంటుంది, తిన్నది అరుగుతుంది, గాయం మానుతుంది. ఎండదేవుడూ తాబేలుదేవుడూ ఇరుగుపొరుగుగా ఉన్న ఈ నేల మీద ఆ సంగతి మనకు అందరికన్నా ముందు తట్టాల్సింది. కానీ దెబ్బతిన్న ఉడుముని ఎలా బతికించాలి అని శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో అడిగితే చెప్పేవాళ్లు బహు తక్కువ.

వరికోతలప్పుడు గట్టు కన్నంలోని ఉడుము యంత్రం చక్రం కింద పడవచ్చు. ఉద్దానం జీడితోటల్లో కుక్కల నోట పడవచ్చు. రోడ్డు దాటుతూ నలగవచ్చు. జాలిగల మనిషి ఎవరో ఒకరు దాన్ని గోనెసంచిలో వేసుకుని పశువుల ఆసుపత్రికి తెస్తాడనుకుందాం. అక్కడి డాక్టరు చదువూ అనుభవమూ ఆవు, గేదె, మేక, కోడి చుట్టూ తిరిగినవి. అయినా చొరవ చేసి శుభ్రం చేసి కుట్లు వేశాడనుకుందాం. ఆ తర్వాత? కుట్లు పడ్డాయి, ఊపిరి ఉంది, కదులుతోంది కదా అని సాయంత్రానికి అదే తోటలో వదిలేస్తే ఆ డాక్టరు చేసిన పనంతా మూణ్ణాళ్లలో మట్టిపాలవుతుంది. ఇంట్లో ఉంచుకుందామంటే చట్టం ఒప్పుకోదు, ఎలా చూసుకోవాలో చెప్పేవాళ్లూ లేరు. నేను మాట్లాడదలచుకున్నది ఈ ‘ఆ తర్వాత’ గురించే.

దీన్ని ఒక క్రమం ప్రకారం నడుపుతున్న చోటు ఆస్ట్రేలియా. అక్కడి తూర్పు తీరపు ఊళ్లలో పెరటి బల్లి ఒకటుంది. నీలి నాలుక బల్లి అంటారు. మన పొలాల్లో నున్నటి మెరుపు ఒంటితో పాములా జారిపోయే నలికిరి ఉంటుందే, దాని జాతిదే, కాకపోతే చాలా పెద్దది. 60 సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది. గుడ్లు పెట్టదు, పిల్లల్నే కంటుంది. భయపడితే నోరు తెరిచి నీలంరంగు నాలుక చూపించి బెదిరిస్తుంది, అంతకుమించి పెద్దగా హాని చేయదు. తోటలో నత్తల్ని తింటుంది కాబట్టి ఇంటివాళ్లకు ఇష్టం. ఏళ్ల తరబడి ఒకే పెరట్లో, ఒకే రేకుల కొట్టు కింద కాపురం ఉంటుంది. దాని కష్టాలూ ఆ పెరట్లోనే. గడ్డి కోసే యంత్రం, పెంపుడు కుక్క, పిల్లి, కారు, నత్తల కోసం చల్లిన విషపు గుళికలు.

అలాంటి బల్లి ఒకటి నెత్తురోడుతూ కనిపిస్తే సిడ్నీలో ఇంటి మనిషి ఫోన్ చేస్తాడు. న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రంలో 1985లో మొదలైన ‘వైర్స్’ అనే స్వచ్ఛంద సంస్థకు ఇందుకోసమే ఒక నంబరు ఉంది. దగ్గరలో ఉన్న కార్యకర్త వచ్చి బల్లిని పెట్టెలో తీసుకెళ్తాడు. అడవి ప్రాణి వైద్యానికి అక్కడ చాలామంది డాక్టర్లు ఫీజు తీసుకోరు. దెబ్బ పెద్దదైతే పెద్దాసుపత్రికి పంపుతారు. క్వీన్స్‌లాండ్‌లో స్టీవ్ ఇర్విన్, టెర్రీ ఇర్విన్ దంపతులు 2004లో పెట్టిన వన్యప్రాణి ఆసుపత్రి అలాంటిదే. పాత అవకాడో పళ్ల ప్యాకింగ్ షెడ్డులో మొదలై ఇప్పటికి లక్ష దాటిన ప్రాణులకు వైద్యం చేసింది. అక్కడివరకూ డబ్బున్న దేశం కథలా ఉంటుంది. నన్ను కట్టిపడేసింది దాని తర్వాతి మెట్టు. ఆపరేషన్ అయిన బల్లి ఆసుపత్రిలోనే నెలలపాటు ఉండిపోదు. ఒక మామూలు ఇంటికి వెళ్తుంది.

ఆ ఇంటి మనిషి టీచరు కావచ్చు, రిటైరైన గుమాస్తా కావచ్చు. సరీసృపాల సంరక్షణకు విడిగా శిక్షణ పొందినవాళ్లు, ప్రభుత్వ అనుమతి కింద పనిచేసేవాళ్లు. జీతం ఉండదు. అక్కడి చట్టం ప్రకారం లైసెన్సు తీసుకుని నీలి నాలుక బల్లిని పెంచుకోవచ్చు కానీ, ఇలా కాపాడిన అడవి బల్లిని మాత్రం పెంపుడు జంతువుగా ఉంచుకోకూడదు. అది అతిథి. కోలుకున్నాక దొరికిన చోటికే వెళ్లాలి. ఆ ఇంట్లో వారాలపాటు జరిగేదే అసలు వైద్యం.

దాని లోతు తెలియాలంటే ఈ జీవుల శరీరం ఎలా మానుతుందో కొంచెం తెలుసుకోవాలి. 1970లలో అమెరికాలో మిషిగన్ విశ్వవిద్యాలయంలో మాథ్యూ క్లూగర్ బృందం ఎడారి ఇగువానాలనే బల్లుల మీద పరిశోధన చేసింది. రోగకారక బాక్టీరియా ఎక్కించాక బల్లులు తమంతట తామే వెచ్చటి చోటికి వెళ్లి కూర్చుని ఒంటి వేడిని రెండు డిగ్రీల దాకా పెంచుకున్నాయి. మనకు జ్వరం లోపలినుంచి వస్తుంది. బల్లి జ్వరాన్ని వెతుక్కుంటూ వెళ్తుంది. 1975లో అదే బృందం ఇంకో అడుగు వేసింది. జబ్బు చేసిన బల్లులను వేరువేరు వేడిమిలో ఉంచి చూసింది. 34 డిగ్రీల దగ్గర ఉంచినవి దాదాపు అన్నీ చచ్చిపోయాయి. 40 దాటిన వేడిలో ఉంచినవాటిలో ఎక్కువ భాగం బతికాయి. వాటికి వేరే మందేమీ ఇవ్వలేదు. తేడా అంతా వేడిదే.

ఇందులోంచి సంరక్షణకు మొదటి సూత్రం వస్తుంది. ఆపరేషన్ అయిన బల్లిని చల్లటి గదిలో మూలన పెట్టి ఎంత మంచి యాంటీబయాటిక్ ఇచ్చినా పని సగమే. అలాగని పట్టుకెళ్లి ఎండలో పెట్టడమూ కాదు. పెట్టెలో ఒక చివర వెచ్చగా, ఇంకో చివర చల్లగా ఉండాలి. ఎక్కడ ఎంతసేపు కూర్చోవాలో దానికే తెలుసు. సంరక్షకుడి పని వేడి ఎక్కించడం కాదు, వేడిని ఎంచుకునే వీలు కల్పించడం. వేడి పైనుంచి రావాలి. కాలే రాయి మీద కడుపు ఆన్చి కూర్చున్నా ఈ జీవులు ఒళ్లు కమిలేదాకా లేవకపోవచ్చు. అందుకే అడుగు వేడిని అక్కడివాళ్లు నమ్మరు.

రెండోది కాలం. మత్తుమందు దిగడానికే గంటలు పడుతుంది. మత్తులో ఊపిరి ఆగిపోతే డాక్టరే నిమిషానికి నాలుగైదుసార్లు గాలి అందిస్తూ కూర్చోవాలి. వాటి ఒంట్లో మందు మెల్లగా కదులుతుంది కాబట్టి కొన్ని ఇంజెక్షన్లు మూడు రోజులకొకటి చొప్పున చాలు. వెనక కాళ్లనుంచి వచ్చే రక్తం మూత్రపిండాల మీదుగా పోయే ఏర్పాటు వాటిలో ఉంది, అందుకని సూది ముందరి భాగంలో వేస్తారు. చీము కూడా వేరు. ఆవుకి గడ్డ లేస్తే కోసి చీము పిండేస్తాం. ఉడుముకి, బల్లికి చీము ద్రవంగా ఉండదు, గట్టిపడిన జున్నుముక్కలా ఉంటుంది. గాటు పెట్టినంత మాత్రాన కారిపోదు. గడ్డను మొత్తంగా తీయాలి. తోక తెగిన బల్లి సంగతి దీనికి తలకిందులు. తోక మళ్లీ మొలిచే జాతుల్లో అక్కడ కుట్లు వేయకుండా వదిలేస్తేనే కొత్త తోకకు దారి ఉంటుంది. పశువైద్యంలో ఎంత చేయి తిరిగినవాళ్లైనా ఈ జీవుల దగ్గర కొత్తగా నేర్చుకోవలసిందే.

మనిషికి వారం పది రోజుల్లో కుట్లు విప్పేస్తారు. బల్లికి నాలుగు నుంచి ఆరు వారాలు, ఒక్కోసారి ఎనిమిది. చర్మం అంచులు లోపలికి ముడుచుకునే స్వభావం ఉంది కాబట్టి వాటిని బయటికి మడిచి కుడతారు. చాలాసార్లు ఒక కుబుసం విడిచేదాకా ఆగి కుట్లు తీస్తారు. కుబుసం గాయం దగ్గర అతుక్కుని ఉండిపోతే పీకకూడదు. ఆ రోజులన్నిటా పెట్టెలో మట్టి, ఇసుక, ఊక ఏవీ వేయరు. తెల్లకాగితమో పాత న్యూస్‌పేపరో పరుస్తారు, మురికైన వెంటనే మారుస్తారు. తాగడానికి లోతు లేని నీళ్ల పళ్లెం ఉంటుంది కానీ మొదటి రెండు వారాలు తొట్టిలో నానబెట్టరు.

తిండి దగ్గరే మన ప్రేమ ఎక్కువగా తప్పుదారి పడుతుంది. నీరసంగా ఉందని నోరు తెరిచి కుక్కుతాం. ఒళ్లు చల్లగా ఉన్న బల్లి కడుపులో పడ్డ తిండి అరగదు, కుళ్లుతుంది. ముందు ఒళ్లు వెచ్చబడాలి, తర్వాత నీరు పట్టాలి, ఆ తర్వాతే తిండి. నాగుల చవితికి పుట్టలో పాలు పోసే చేతులు మనవి. ఆ భక్తిని తక్కువ చేయను. కానీ దెబ్బతిన్న ఏ సరీసృపానికీ పాలు పట్టకూడదు. పాలను అరిగించుకునే ఏర్పాటు వాటికి లేదు. ఇగువానాలాంటి ఆకు తినే బల్లులకు మన మునగాకు మంచి తిండి, సున్నం, అంటే కాల్షియం, పుష్కలంగా ఉంటుంది. పాలకూర మాత్రం ఆ సున్నాన్ని ఒంటికి పట్టనివ్వదు. ఆ సున్నం ఎముకకు చేరాలన్నా మళ్లీ ఎండే కావాలి, అదీ నేరుగా తగిలే ఎండ. కిటికీ అద్దం లోంచి వచ్చే ఎండకి వేడి ఉంటుంది కానీ ఎముకకు కావలసిన కిరణం అద్దం దగ్గరే ఆగిపోతుంది.

ఇవన్నీ చేస్తూ వారానికి ఒకటి రెండుసార్లు గ్రాముల త్రాసులో తూచి రాసుకుంటారు. బల్లి మూలగదు, ఏడవదు. నొప్పి ఉంటే రంగు నల్లబడుతుంది, కళ్లు మూసుకుని ఉంటుంది, వెచ్చటి మూలకి వెళ్లడం మానేస్తుంది. కాబట్టి చూస్తూ ఉండడమే రోగనిర్ధారణ. మిగతా సమయమంతా పెట్టె మీద గుడ్డ కప్పి ముట్టుకోకుండా ఉండాలి. మనుషులకు అన్నిటికన్నా కష్టమైన పని ఇదే. దువ్వాలనిపిస్తుంది, పిల్లలకు చూపించాలనిపిస్తుంది, ఫొటో తీయాలనిపిస్తుంది. ఆ బల్లికి మనిషి చేయి ఓదార్పు కాదు, వేటగాడి పంజా.

ఆస్ట్రేలియా పద్ధతిని ఉన్నదున్నట్టు ఇక్కడికి తెచ్చుకోలేం. వాళ్లకు చలికాలం గడ్డు, బల్బులూ హీటర్లూ కావాలి. మనకు ఎండ ఉచితం. కానీ అదే ఎండ వైశాఖ జ్యేష్ఠాల్లో ప్రాణం తీస్తుంది. ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి ఎండలో ఉంచితే కొద్ది నిమిషాల్లో అది పొయ్యి అవుతుంది. ఉదయపు నీరెండ, వెదురు తడిక నీడ, తప్పించుకోవడానికి బోర్లించిన కుండపెంకు, ఇంతే మన సరంజామా. పుష్యమాసపు రాత్రుళ్లు గుడ్డ చుట్టిన వేణ్నీళ్ల సీసా పెట్టె బయట ఒక పక్కన ఆన్చి పెడితే చాలు. మన తీరంలో గాలి తేమ ఎక్కువ కాబట్టి కాగితాలు అక్కడికన్నా తరచుగా మార్చాలి. గాయం కనబడగానే పసుపు మెత్తే అలవాటు కూడా ఇక్కడ పక్కన పెట్టాలి. అది గట్టి పెచ్చుకట్టి, లోపల ఎంత లోతు ఉందో డాక్టరుకి కనబడనివ్వదు.

చట్టం కూడా వేరు. మన ఉడుము 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో మొదటి షెడ్యూలు జీవి. వేటాడితే మూడేళ్లకు తగ్గకుండా ఏడేళ్ల దాకా జైలు. జాలితో తెచ్చుకున్నా సరే, 48 గంటల్లోగా దగ్గర్లోని పోలీసు స్టేషన్‌కో అటవీశాఖ అధికారికో తెలియజేయాలి. ఇంట్లో ముద్దుగా పెంచుకునే విదేశీ ఇగువానాలది ఇంకో దారి. 2024లో వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం అలాంటి జీవులను పరివేష్ అనే ప్రభుత్వ పోర్టల్‌లో నమోదు చేయించాలి. ఏ పట్టణంలోనైనా ఎవరో కొని, మోజు తీరాక వదిలేసిన ఇగువానా మన చేతికి వస్తే అది ఈ నేలకి చెందిన జీవి కాదు కాబట్టి తోటలో వదలడం దాన్ని కాపాడడం కిందికి రాదు. అధికారులకు చెప్పి, చూసుకోగలిగినవాళ్ల దగ్గరికి చేర్చాలి.

అయితే మన దగ్గర లేనిదేమిటి? డాక్టర్లను తయారుచేసే చోటు ఉంది. విజయనగరం జిల్లా గరివిడిలోనే శ్రీ వెంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం వారి కళాశాల ఉంది. విశాఖలో ఇందిరా గాంధీ జంతు ప్రదర్శనశాల ఉంది, అక్కడ అడవి జీవుల వైద్యం తెలిసినవాళ్లున్నారు. ఊళ్లలో పాము కనిపిస్తే అర్ధరాత్రైనా బండి వేసుకొచ్చి పట్టి దూరంగా వదిలే కుర్రాళ్లున్నారు. జాలి ఉందా అంటే, టెక్కలి దగ్గర తేలినీలాపురంలో చూడండి. ఏటా వచ్చే గూడబాతుల్ని, ఎర్రకాళ్ల కొంగల్ని తమ ఊరి ఆడపడుచుల్లా చూసుకుంటారు.

ఓపిక ఉందా అంటే, దానికి శ్రీకాకుళం సముద్రతీరమే సమాధానం. చలికాలం చివర్లో ఆలివ్ రిడ్లే తాబేళ్లు ఒడ్డుకొచ్చి గుడ్లు పెడతాయి. అటవీశాఖ, ట్రీ ఫౌండేషన్ అనే స్వచ్ఛంద సంస్థ ఏర్పాటు చేసిన హేచరీల కోసం మత్స్యకార యువకులు రాత్రివేళ ఇసుకలో నడిచి గుడ్లు ఏరి, నక్కలకూ కుక్కలకూ అందకుండా పూడ్చి కాపలా కాస్తారు. గుడ్డు పిల్ల కావడానికి ఇంచుమించు 50 రోజులు. ఆ పిల్లల్లో ఎన్ని ఆడవి, ఎన్ని మగవి అన్నది కూడా ఇసుక వేడే తేలుస్తుంది. అన్నాళ్లూ వాళ్లు చేసేదేమిటి? తవ్వి చూడకుండా, ముట్టుకోకుండా, వేడి తన పని చేసుకునేదాకా కాపలా ఉండడం. బల్లి కుట్టు మానడానికి పట్టే కాలమూ దాదాపు అంతే, కావలసిన గుణమూ అదే. సిడ్నీలో టీచరు నేర్చుకున్న విద్య కళింగపట్నం, భావనపాడు తీరాల యువకులకు కొత్తేమీ కాదు.

లేనిదల్లా కలిపే దారం. ఆపరేషన్ బల్లకీ అడవికీ మధ్యన ఉన్న ఆ ఆరు వారాలకు మన దగ్గర ఇల్లు లేదు. గరివిడిలో చదివే పిల్లలకు ఏడాదికి కొన్ని రోజులు సరీసృపాల శస్త్రచికిత్స చేతితో నేర్పాలి. ఈ రెండు జిల్లాల్లో పదిమంది ఓపికమంతుల్ని ఎంచి, అటవీశాఖ రాతపూర్వక అనుమతితో, దాని పర్యవేక్షణ కింద సంరక్షకులుగా తయారుచేయాలి. పాములు పట్టే కుర్రాళ్లే అందులో మొదటి వరస కావచ్చు. ఎంత వేడి, ఎన్నాళ్లు, ఏ తిండి, ఏది వద్దు అన్నది ఒకే ఒక తెలుగు కాగితంలో రాసి ప్రతి పశువుల ఆసుపత్రి గోడకూ అంటించాలి. పశువుల కోసం 1962 నంబరుకి ఫోన్ చేస్తే బండి వస్తుందని రైతులందరికీ ఈనాడు తెలుసు. ఉడుముకి దెబ్బ తగిలితే ఎవరికి చేయాలో కూడా అంత బాగా తెలియాలి. వీటిలో ఏదీ కోట్లు ఖర్చయ్యే పని కాదు. ఏదైనా పట్టుకుంటే వదలనివాణ్ణి ఉడుముపట్టు పట్టాడంటాం. ఆ పట్టు ఇప్పుడు ఉడుము కోసమే కావాలి.

అంతవరకూ ఒంటరిగా చేయగలిగింది కొంత ఉంది. గాయపడిన ఉడుమో తొండో కనిపిస్తే మీద మందపాటి గుడ్డ వేసి, గాలి కన్నాలున్న అట్టపెట్టెలోకి మెల్లగా చేర్చండి. పెట్టె చీకటిగా, వెచ్చగా, చప్పుడు లేనిచోట ఉండాలి. పాలు, పసుపు, అన్నం ఏవీ వద్దు. డాక్టరుకీ అటవీశాఖకీ వెంటనే చెప్పండి.

ఇంకొక్కటి. ఆస్ట్రేలియా సంరక్షకులు బల్లిని చేతిలోకి తీసుకునే ముందే అడిగే ప్రశ్న ‘ఎక్కడ దొరికింది?’. గాయం ఎంత లోతో, ఏ కుక్క కరిచిందో తర్వాత. ఏ వీధి, ఏ పెరడు, ఏ చెట్టు కింద అన్నది ముందు రాసుకుంటారు, ఎందుకంటే కోలుకున్నాక అక్కడే వదలాలి. దాని కన్నం, దాని నీళ్లు, దాని ఎండ రాయి అన్నీ అక్కడే ఉన్నాయి. కొత్త చోట వదిలితే మానిన గాయంతోనే అది ఆకలితో చావవచ్చు. కాబట్టి ఆ అట్టపెట్టె మూత మీద పెన్నుతో రాయండి: ఫలానా ఊరు, ఫలానా చెరువు గట్టు, తూర్పు వైపు తాటిచెట్టు మొదట. ప్రాణం నిలుస్తుందో లేదో ఇంకా తెలియని ఆ ఘడియలోనే అది తిరిగి వెళ్లే చోటు రాసి ఉంచాలి. ఆరు వారాల తర్వాత ఒక పొద్దున్న ఎండ ఎక్కే వేళకి పెట్టెని అక్కడికే మోసుకెళ్లి మూత తీయడానికి ఆ రాత కావాలి.